గండం గడిచిన తర్వాత

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డుకు వచ్చే ప్రతి లారీ వెంట ఒక చరిత్ర వస్తుంది. ఎప్పుడు కొన్నారు, ఎంత దూరం తిరిగింది, ఇంజన్‌కు బోరింగ్ ఎప్పుడు చేయించారు, కమాను కట్టలు ఎప్పుడు మార్చారు అన్న వివరాలు కొన్ని కాగితాల్లో ఉంటాయి, మిగిలినవి డ్రైవరు చెబుతాడు. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ వేడెక్కిపోయిందని డ్రైవరు అంటే, ఇప్పుడు చల్లగానే ఉంది కదా అని మెకానిక్కు బండిని తిప్పి పంపడు. లోడు మీద బయటపడిన లోపం లోడు దించినంత మాత్రాన పోదని అతనికి తెలుసు. 1960లలో రూపుదిద్దుకుని, ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటిగా పేరు తెచ్చుకున్న ఈ పేటలో పని నడిచేది ఆ తెలివి మీదే. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ పరీక్ష, చేయించాలని చట్టం కూడా చెబుతుంది. మనిషిని బండితో పోల్చి చిన్నబుచ్చాలని కాదు గానీ, బండి విషయంలో ఇంత జాగ్రత్తగా ఉన్న మనం తల్లి విషయంలో ఎందుకు లేమన్నది అడగక తప్పని ప్రశ్న. తొలి కాన్పులో బీపీ పెరిగి, ఆస్పత్రిలో వారం రోజులు ఉండి, బిడ్డతో క్షేమంగా ఇంటికి చేరిన అమ్మాయిని ఆ తర్వాత పదేళ్లకు గానీ ఇరవయ్యేళ్లకు గానీ ‘నీకు కాన్పులో బీపీ వచ్చిందా?’ అని అడిగేవాళ్లు అరుదు. ఆమె చరిత్ర ఆమె వెంట రాదు.

ఎందుకు రాదన్నదానికి జవాబు కృష్ణా డెల్టాలో పురుడు పోసిన వందేళ్ల చరిత్రలోనే ఉందని నా అభిప్రాయం. మన ఆచారమూ, మన ఆధునిక వైద్యమూ ఎన్నో విషయాల్లో పోట్లాడుకున్నాయి గానీ ఒక్క మాట దగ్గర రెండూ కలిశాయి. ఆ మాట ‘గండం గడిచింది’. కాన్పు ఒక ఏరు, తల్లి దాన్ని దాటి గట్టెక్కితే చాలు, ఆ పైన భయం లేదు అన్నది రెండింటి నమ్మకమూ. తల్లులు కాన్పులోనే రాలిపోతున్న కాలంలో ఆ నమ్మకం తప్పు కాదు, అవసరం కూడా. కానీ గర్భిణిలో పెరిగిన రక్తపోటు విషయంలో మాత్రం అది సగం నిజం. కాన్పుతో ఆ రోగం సద్దుమణుగుతుంది గానీ, రాబోయే గుండెజబ్బుకూ పక్షవాతానికీ అది ఇచ్చిన ముందస్తు కబురు అలాగే మిగిలిపోతుంది. ఆ కబురును చదవడం మనకు ఎందుకు అలవాటు కాలేదో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

ఈ జబ్బుకు తెలుగువాళ్లు పెట్టుకున్న పాత పేరు గుర్రపు వాతం. నిండు చూలాలు ఉన్నట్టుండి కళ్లు తేలేసి, పళ్లు గిట్టకరుచుకుని, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ స్పృహ తప్పడం ఊళ్లల్లో పెద్దవాళ్లు చూసిన దృశ్యమే. ఇంగ్లీషు వైద్యులు దీన్ని ఎక్లాంప్సియా అన్నారు, గ్రీకులో ఆ మాటకు మెరుపులా హఠాత్తుగా వచ్చేది అని అర్థం. మన పేరైనా వాళ్ల పేరైనా చెప్పేది చివరి ఘట్టాన్నే. అంతకుముందు వారాల తరబడి ఒంట్లో జరుగుతున్నది పేరులో లేదు, ఎందుకంటే అది కంటికి కనిపించదు. మంత్రసాని అనుభవం తక్కువది కాదు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పగలదు, నొప్పుల తీరు చూసి ఎంతసేపటికి కాన్పవుతుందో అంచనా కట్టగలదు. కాళ్లకు నీరు దిగడం కూడా ఆమె చూసింది. కానీ ఏమీ లేని గర్భిణికి కూడా కాళ్లు వాస్తాయి కనుక ఆ గుర్తు నమ్మదగింది కాదు. రక్తనాళాల్లోని ఒత్తిడి మాత్రం ఎంత నేర్పున్న చేతికీ అందదు. తెలియని కారణానికి గాలి సోకిందనో దిష్టి తగిలిందనో పేరు పెట్టారు. పురిటిగది గుమ్మానికి వేపరెమ్మలు కట్టి, మంచం కింద ఇనుపముక్క పెట్టి, కుంపటి రాజేసి, సాంబ్రాణి వేసి కాపలా కాశారు. ఆ కాపలాకూ ఒక గడువు ఉంది. పదకొండో రోజు పురిటిస్నానం, ఇరవై ఒకటో రోజు బారసాల. ఉయ్యాల్లో బిడ్డకు పేరు పెట్టాక ఇంటిల్లిపాది చూపూ బిడ్డ మీదికి మళ్లుతుంది. కాన్పు ఆడదానికి పునర్జన్మ అన్న మాట అందరూ అనేదే, కానీ పునర్జన్మ ఎత్తిన మనిషి అక్కడి నుంచి కథలో బిడ్డ తల్లిగానే మిగిలింది.

కంటికి కనిపించని ఈ జబ్బును పట్టుకోవడం వైద్యశాస్త్రానికీ తేలిక కాలేదు. 1843లో లండన్ గైస్ ఆస్పత్రిలో జాన్ లీవర్ అనే వైద్యుడు ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రాన్ని వేడిచేసి చూస్తే అందులో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు గడ్డకట్టింది. ఆ పరీక్ష మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూడా తరాల పాటు సాగింది. గాజు గొట్టంలో మూత్రం పోసి, స్పిరిట్ దీపం మంట మీద పైభాగాన్ని మాత్రమే కాచితే, కింద తేటగానే ఉంటుంది, పైన మాత్రం తెల్లసొన ఉడికినట్టు తెల్లని మబ్బు కమ్ముతుంది. రెండు చుక్కల యాసిడ్ వేసినా ఆ తెలుపు కరగకపోతే ఏఎన్ఎమ్ ఆ గర్భిణి పేరు ఎదుట గుర్తు పెట్టుకునేది. ఒంట్లో దాగిన ప్రమాదం కంటికి కనిపించే రూపం తీసుకున్న మొదటి చోటు ఆ గాజు గొట్టం. 1896లో ఇటలీలో రివా రొచ్చి చేతికి చుట్టే పట్టీతో బీపీ కొలిచే సాధనం తెచ్చాడు, 1905లో రష్యాలో కొరొత్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతి చెప్పాడు. అప్పటికి గానీ గుర్రపు వాతానికి ముందు వారాల తరబడి రక్తపోటు పెరుగుతుందన్నది కొలతకు దొరకలేదు. ఇరవై వారాలు నిండాక బీపీ 140/90కి చేరితే జాగ్రత్తపడాలి, మూత్రంలో ఆల్బుమిన్ కూడా ఉంటే ఇంకా జాగ్రత్తపడాలి, 160/110 దాటితే క్షణం ఆలస్యం చేయకూడదు అన్న ఇప్పటి లెక్కలన్నీ ఆ పట్టీ ఇచ్చినవే.

ఆ పట్టీ డెల్టా దాకా రావడానికి ఆస్పత్రులు రావాలి, ఆడవాళ్లకు ఆడ డాక్టర్లు రావాలి. అమెరికన్ లూథరన్ మిషన్ పంపిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు చేరి, 1930లో చనిపోయేదాకా ఆ ఊళ్లోనే ఉన్నారు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆమె కట్టించిన ఆస్పత్రిని జనం ఆమె పేరుతోనే పిలుచుకున్నారు. 1926లో మద్రాసు రాష్ట్రం నర్సులకూ మిడ్‌వైఫ్‌లకూ చట్టం చేసింది. బెజవాడలో ఈ పని నెత్తికెత్తుకున్నవారిలో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ముఖ్యులు. విజ్ఞాన చంద్రికా మండలి నడిపిన కొమర్రాజు లక్ష్మణరావు కూతురామె. 1906లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బెజవాడలో ప్రాక్టీసు పెట్టి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మామూలు తెలుగు ఇల్లాలు చదువుకోవడానికి వీలుగా ఆమె రాసిన పుస్తకం పేరు ‘ప్రసూతి–శిశుపోషణ’. ఆ పేరులోనే ఆ కాలపు వరస ఉంది: ముందు ప్రసూతి, తర్వాత శిశువు. అది ఆమె లోపమని అనడానికి లేదు. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి కాన్పులకు దాదాపు 20 మంది తల్లులు చనిపోయేవారు. ఏటా రెండు లక్షల మంది. అంతమంది తల్లులు గట్టుకు చేరకముందే మునిగిపోతుంటే గట్టెక్కినవాళ్ల ఇరవయ్యేళ్ల తర్వాతి గుండె గురించి ఆలోచించే తీరిక ఏ డాక్టరుకూ ఉండదు.

డెల్టా డాక్టర్ల చదువుకు మూలం మద్రాసు ఎగ్మోర్‌లో 1844లో మొదలైన ప్రసూతి ఆస్పత్రి. ఆ ఆస్పత్రికి తొలి భారతీయ సూపరింటెండెంటు అయిన ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ పుట్టింది మన కర్నూలులోనే, 1887లో. 1938లో ఆయన రాసిన ‘క్లినికల్ అబ్‌స్టెట్రిక్స్’ మన వైద్య కళాశాలల్లో తరతరాల పాఠ్యపుస్తకమైంది. అప్పట్లో గుర్రపు వాతానికి ప్రపంచమంతా చేసే వైద్యం రష్యన్ వైద్యుడు స్ట్రోగనోవ్ పద్ధతి. మార్ఫియా, క్లోరల్ ఇచ్చి, రోగిని చీకటి గదిలో చప్పుడు లేకుండా ఉంచడం. వెలుతురు పడినా తలుపు చప్పుడైనా మళ్లీ ఫిట్స్ వస్తాయన్న భయం. ఇంటి పురిటిగదీ చీకటే, ఆస్పత్రి గదీ చీకటే, రెండింట్లోనూ చేసేది కాపలాయే. ఎగ్మోర్‌లోనే పనిచేసిన డాక్టర్ ఎం.కె. కృష్ణ మీనన్ మూడు మందుల మిశ్రమంతో ఫిట్స్ ఆపే పద్ధతిని రూపొందించి 1961లో తన అనుభవాన్ని ప్రచురించాడు. అది దేశమంతా ‘మీనన్ పద్ధతి’గా నడిచింది. చివరికి ఏ మందు మేలన్న వాదం 1995లో తేలింది. భారతదేశంతో సహా అనేక దేశాల్లో 1,680 మందికి పైగా తల్లుల మీద జరిగిన పరిశీలనలో మెగ్నీషియం సల్ఫేట్ తీసుకున్నవాళ్లలో, డయజిపామ్ తీసుకున్నవాళ్లకన్నా మళ్లీ ఫిట్స్ రావడం సగానికి తగ్గింది. 2002లో 33 దేశాల్లో పదివేల మంది గర్భిణులతో జరిగిన మాగ్‌పై అధ్యయనం ఆ మందు ముందే ఇస్తే ఫిట్స్ రావడమే సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. చవకైన ఉప్పు లాంటి మందది. గుర్రపు వాతానికి పగ్గం వేసింది అదే.

ఈ కథలో ప్రతి మలుపూ కాన్పు చుట్టూనే తిరగడం గమనించాలి. లీవర్ గాజు గొట్టం దగ్గర్నుంచి మాగ్‌పై దాకా అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ తల్లిని ఇవాళ ఎలా బతికించాలి? జబ్బుకు పెట్టిన పేరు కూడా ఆ ప్రశ్నకే సరిపోయింది. చాలాకాలం కేసు షీట్ల మీద ఈ జబ్బును టాక్సీమియా అని రాసేవారు. అంటే రక్తంలో విషం చేరడం. మావి నుంచి ఏదో విషం తల్లి రక్తంలోకి దిగుతుంది, మావి పడిపోతే విషం ఆగుతుంది, జబ్బు పోతుంది అన్నది లెక్క. మావి నుంచే ఏదో వస్తుందన్న ఊహ పూర్తిగా తప్పేమీ కాదు. బోస్టన్‌లో పనిచేసిన ఎస్. అనంత్ కరుమంచి బృందం 2003లో, మావి నుంచి మోతాదు మించి విడుదలయ్యే ఒక ప్రొటీన్ తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుందని చూపింది. కానీ ‘విషం’ అన్న మాట మనసులో నాటింది మరొకటి: మావి పడితే కథ ముగిసింది. డెల్టా ఇళ్లల్లో ‘గండం గడిచింది’ అన్నదీ, ఆస్పత్రిలో ‘డెలివరీయే దీనికి వైద్యం’ అన్నదీ ఒకే మాటకు రెండు భాషలు.

ఈ మాటకు గట్టి శాస్త్రీయ ఆధారమూ దొరికింది. అమెరికాలో జెర్సీ సిటీలోని ఒక ప్రసూతి ఆస్పత్రిలో 1931, 1951 మధ్య ఎక్లాంప్సియా వచ్చి బతికిన 270 మంది తల్లులను లియాన్ చెస్లీ 1970ల దాకా వెంటాడి పరీక్షించాడు. దాదాపు అందరి ఆచూకీ పట్టుకున్న ఆ ఓపికకు దండం పెట్టాలి. తొలి కాన్పులో ఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో మిగతా ఆడవాళ్లకన్నా ఎక్కువ ముప్పు కనిపించలేదని 1976లో ఆయన ప్రకటించాడు. ఈ వ్యాసం వాదనకు ఇదే అన్నిటికన్నా బరువైన అభ్యంతరం, దీన్ని పక్కకు తోసేయలేం. కానీ ఆ అధ్యయనంలోనే మరో సగం ఉంది. రెండో కాన్పులోనో ఆ తర్వాతో ఎక్లాంప్సియా వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువే కనిపించాయి. పైగా 270 మంది అంటే చిన్న గుంపు, వాళ్లను పోల్చింది అందరూ కలిసిన మామూలు జనాభాతో. ఆ జనాభాలో కాన్పులో బీపీ వచ్చినవాళ్లు కూడా కలిసే ఉంటారు. ఒక ఊరి చెరువు లోతు చూసి కృష్ణ లోతు ఇంతే అనడం కుదరదు. అయినా చదివినవాళ్లు తమకు కావలసిన సగాన్నే చదువుకున్నారు, ఎందుకంటే అది అప్పటికే అందరూ నమ్ముతున్న మాట.

పెద్ద లెక్కలు వచ్చాక చిత్రం మారింది. 2001లో నార్వేలో ఆరు లక్షలకు పైగా కాన్పుల రికార్డులను మరణాల రికార్డులతో కలిపి చూశారు. బీపీ పెరిగి నెలలు నిండకుండానే కాన్పయిన తల్లులు గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం, ఏ ఇబ్బందీ లేకుండా నెలలు నిండి కాన్పయినవాళ్లకన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష అనేక అధ్యయనాలను గుదిగుచ్చి, 30 లక్షలకు పైగా తల్లుల సమాచారంతో ఇలా లెక్క తేల్చింది: ప్రీఎక్లాంప్సియా (ఫిట్స్‌కు ముందటి, బీపీ పెరిగిన దశ) వచ్చిన తల్లికి తర్వాతి ఏళ్లలో శాశ్వత బీపీ వచ్చే అవకాశం మూడున్నర రెట్ల పైన, గుండెకు రక్తం చాలని జబ్బు రెండు రెట్ల పైన, పక్షవాతం రెండు రెట్లకు కాస్త తక్కువ. 2011లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆడవాళ్ల గుండెజబ్బు ముప్పుల జాబితాలో కాన్పునాటి బీపీని చేర్చింది. ఈ అంకెలను వాటి పరిమితిలోనే చదవాలి. పాతికేళ్ల అమ్మాయికి గుండెపోటు రావడం చాలా అరుదు, అరుదైనదానికి రెండు రెట్లు కూడా అరుదే. కానీ వయసుతో పాటు ఆ అరుదు మామూలవుతుంది, రెట్టింపు మాత్రం రెట్టింపుగానే ఉండిపోతుంది. ప్రపంచంలో నూటికి రెండు నుంచి ఎనిమిది గర్భాల్లో ఈ జబ్బు కనిపిస్తుందనుకుంటే, ఆ రెట్టింపు మోసే తల్లులు ఎంతమందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన అభ్యంతరం ఉంది. గుండెజబ్బుకు కారణం కాన్పునాటి బీపీ కాదు, ఆమె ఒంట్లో ముందునుంచీ ఉన్న బలహీనతే, గర్భం దాన్ని బయటపెట్టిందంతే అని కొందరంటారు. అది చాలావరకు నిజమే కావచ్చు. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె అంతమేర ఎక్కువ పనిచేస్తుంది, కొవ్వులూ చక్కెరలూ మారతాయి. తొమ్మిది నెలల పాటు గుండె నిండు లోడుతో ఘాట్ ఎక్కుతుంది. అలా ఎక్కేటప్పుడు వేడెక్కిన రక్తనాళం లోడు దిగాక చల్లబడవచ్చు, మరో ఇరవై ఏళ్లకు వయసే లోడుగా మారినప్పుడు మళ్లీ వేడెక్కుతుంది. జబ్బే నాళాన్ని దెబ్బతీసిందా, ముందే ఉన్న దెబ్బను చూపించిందా అన్నది పరిశోధకులు తేల్చుకోవలసిన విషయం. తల్లికీ, ఆమెను చూసే డాక్టరుకూ మాత్రం ఏ జవాబైనా చేయవలసిన పని ఒక్కటే. కబురు తెచ్చినవాడు శత్రువా మిత్రుడా అని తర్వాత తేల్చుకోవచ్చు, ముందు కబురు చదవాలి.

మరి ఆ ఐరోపా లెక్కలు మన డెల్టాకు వర్తిస్తాయా అంటే, మన నేల మీది లెక్కలు ధైర్యం చెప్పేవి కావు. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, లక్షా ఎనభై వేల జనాభాలో జరిగిన ప్రతి మరణానికీ కారణం వెతికారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరిట జరిగిన ఆ పనిలో మొదటి కారణంగా తేలింది గుండె, రక్తనాళాల జబ్బులు, నూటికి 32 మరణాలు. అంటురోగాలు దాని వెనక ఎక్కడో ఉన్నాయి. కృష్ణా డెల్టా తిండీ, పనీ, బతుకూ గోదావరి డెల్టాకు పెద్ద భిన్నం కాదు. ఇంకోవైపు తల్లుల మరణాలు తగ్గడంలో ఆంధ్రప్రదేశ్ గర్వపడదగిన పని చేసింది. శాంపిల్ రిజిస్ట్రేషన్ లెక్కల్లో 2001–03లో లక్ష కాన్పులకు 195గా ఉన్న మాతృమరణాలు 2018–20 నాటికి 45కు దిగాయి. దేశం సగటు అప్పటికి 97. 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు, ఆశా కార్యకర్తలు, ఆస్పత్రి కాన్పులు, మెగ్నీషియం సల్ఫేట్ కలిసి సాధించిన విజయమిది. దీన్ని తక్కువ చేయడం అన్యాయం. నా వాదనంతా ఈ విజయం మీదే నిలబడింది. తల్లులు గట్టెక్కుతున్నారు కాబట్టే గట్టు మీది నడక గురించి మాట్లాడే రోజు వచ్చింది.

ఆ నడక మన రాష్ట్రంలో ఒక ప్రత్యేకమైన ఖాళీలోంచి సాగుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే గర్భిణిగా ఉన్నప్పుడు ఆడపిల్ల వైద్యం చేతికి తప్పకుండా చిక్కుతుంది. అదే సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, చాలామంది ఇరవైల్లోనే. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అంతటితో ఆస్పత్రితో ఆమెకు పని తీరిపోతుంది. ఊరూరా బీపీ, షుగరు పరీక్షలు మొదలయ్యేది ముప్పై ఏళ్లు నిండినవాళ్లకు. ఇరవై ఒకటో ఏట కాన్పులో బీపీ వచ్చిన అమ్మాయికి తొమ్మిదేళ్లు చూసే దిక్కు ఉండదు. ముప్పై దాటాక ఎవరైనా పట్టీ కట్టినా, కాన్పు సంగతి అడిగే గడి ఆ కాగితంలో లేకపోతే ఆమె అందరిలో ఒకరు. మన ఆచారం కూడా ఈ ఖాళీని పెంచింది. బీపీ ఎక్కువగా పెరిగేది చివరి నెలల్లో, అందులోనూ తొలి కాన్పులో. సరిగ్గా అప్పుడే ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తాం. పటమటలో చూసిన డాక్టరు వేరు, అవనిగడ్డలో పురుడు పోసిన డాక్టరు వేరు. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తవారింటికి తిరిగి వచ్చేటప్పుడు బిడ్డ టీకాల కార్డు సంచిలో ఉంటుంది, తల్లి బీపీ చీటీ ఉండదు.

ఆ కార్డునే కాస్త దగ్గరగా చూడాలి. మాతా శిశు సంరక్షణ కార్డులో మొదటి పేజీలు తల్లివి. బరువు, రక్తం, బీపీ, మూత్రంలో ఆల్బుమిన్, ప్రతి నెలకూ ఒక గడి. ఏఎన్ఎమ్ నీలం పెన్నుతో 110/70, 120/80 అని రాసుకుంటూ వస్తుంది, ఎనిమిదో నెల గడిలో 150/100 అని రాసి కింద గీత పెడుతుంది. కాన్పయ్యాక కార్డు తిరగబడుతుంది. తర్వాతి పేజీలన్నీ బిడ్డవి: బీసీజీ, పోలియో, పెంటావాలెంట్, బరువు పెరిగే గీత. అయిదేళ్ల దాకా ఆ పేజీలు నిండుతూ ఉంటాయి. కింద గీత పెట్టిన 150/100 మాత్రం ముందు పేజీలో, ఎవరూ తిప్పని పేజీలో ఉండిపోతుంది. స్కూల్లో చేర్పించాక కార్డు ట్రంకుపెట్టె అడుక్కు పోతుంది. తల్లికి సంబంధించి ఆమె జీవితంలోకెల్లా విలువైన వైద్య సమాచారం అదే కావచ్చు.

ఇదంతా చెబితే బాలింతలను భయపెట్టినట్టు కాదా అని ఒక మాట వస్తుంది. చంకలో పసిబిడ్డతో ఉన్న అమ్మాయికి గుండెజబ్బు పేరు చెప్పడం క్రూరమే, చేయడానికి ఏమీ లేకపోతే. కానీ ఇక్కడ చేయవలసింది ఉంది, అది చవకైనది కూడా. కాన్పయ్యాక బీపీ మందు అవసరమైనన్నాళ్లు వాడి, మూడు నెలలకు కూడా తగ్గకపోతే దాన్ని శాశ్వత బీపీగా గుర్తించి వైద్యం చేయాలి. తగ్గితే ఏటా ఒక్కసారైనా బీపీ, షుగరు చూడాలి. ఆవకాయా గోంగూరా రోజూ పళ్లెంలో ఉండే ఇంట్లో ఉప్పు ఎంతో చూసుకోవాలి. పాతకాలంలోలా గర్భిణికి ఉప్పు మాన్పించడం వల్ల ఈ జబ్బు ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, ఉప్పు మీద శ్రద్ధ పెట్టవలసింది కాన్పు తర్వాతి దశాబ్దాల్లో. మరో బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుకు పాత సంగతి చెప్పాలి, ఎందుకంటే తొలి మూడు నెలలు నిండుతూనే డాక్టరు సలహాతో తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే జబ్బు తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. 2017లో వచ్చిన ఆస్ప్రీ అధ్యయనంలో, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లలో నెలలు నిండకముందే ముదిరే ప్రీఎక్లాంప్సియా ఆ మాత్రతో 62 శాతం తగ్గింది. ఇవన్నీ తెలిసిన తల్లి భయపడదు, జాగ్రత్తపడుతుంది. భయం పుట్టేది నలభై ఐదో ఏట, ఏ ముందస్తు మాటా లేకుండా మూతి వంకర పోయినప్పుడు.

మా నాయనమ్మలు పదేసి మందిని కని తొంభై ఏళ్లు బతికారు కదా అన్నది ఇంటింటా వినిపించే మాట. బతికినవాళ్లనే మనం చూశాం. భోర్ కమిటీ లెక్కలోని రెండు లక్షల మంది ఎవరికీ నాయనమ్మలు కాలేదు. ఉన్న పనులే తెమలని ఏఎన్ఎమ్‌లకూ ఆశాలకూ ఇంకో పని నెత్తినెయ్యడమా అన్నది న్యాయమైన ప్రశ్న. కానీ ఇది కొత్త పని కాదు, ఉన్న పనిని కొనసాగించడం. గుంటూరు జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ ఇచ్చి, బీపీ, షుగరు, రక్తహీనత ఉన్న గర్భిణులను గుర్తించి కాన్పు తర్వాత కూడా వెంట ఉండే పద్ధతిని ప్రయోగాత్మకంగా నడిపించారు. దారి తెలియని అడవి కాదిది.

అసలు దారి మన ఆచారంలోనే ఉంది. ఇంతసేపూ తప్పు పట్టిన ఆచారమే ఇక్కడ అక్కరకొస్తుంది. బీపీ వచ్చిన తల్లిని కాన్పయిన వారం పది రోజులకు ఒకసారి చూడాలని వైద్యం అంటుంది, మనకు పదకొండో రోజు పురుడు ఉంది. తర్వాత కొన్ని వారాలు కనిపెట్టి ఉండాలంటుంది, మనకు బారసాల ఉంది. మూడు నెలలకు తేల్చుకోవాలంటుంది, బాలింత అత్తవారింటికి కదిలేది ఇంచుమించు అప్పుడే. ఆపైన ఏటా ఒకసారి చూడాలంటుంది, ఏటా తప్పకుండా గుర్తుండే రోజు ఇంట్లో ఒకటుంది, బిడ్డ పుట్టినరోజు. ఆ రోజు బిడ్డకు కొత్త బట్టలు కొన్నట్టే తల్లి చేతికి బీపీ పట్టీ కట్టించడం ఏ ఇంటికీ బరువు కాదు. మన పెద్దలు కాన్పు చుట్టూ కాపలా గడువులు పెట్టింది తెలివితక్కువతో కాదు, తమకు కనిపించిన ప్రమాదం ఎంత దూరం ఉందో అంత దూరం కాపలా కాశారు. ప్రమాదం ఇంకా దూరం ఉందని మనకు ఇప్పుడు తెలిసింది. గడువును అంత దూరం జరపడమే వాళ్ల పనిని ముందుకు తీసుకెళ్లడం. కార్డులో బిడ్డ టీకాల పేజీ చివర తల్లి పేరుతో ఒక వరస గీయిస్తే చాలు: కాన్పులో బీపీ వచ్చిందా, ఈ ఏడు ఎంత ఉంది. ఆ వరస నిండుతూ ఉన్నంతకాలం ముందు పేజీలోని 150/100 ట్రంకుపెట్టె అడుక్కు పోదు.